షష్ఠీ విభక్తిలో రెండో కమల

పెళ్ళి సంబంధాలు చెడిపోవడానికి లోకంలో సవాలక్ష కారణాలు. జాతకాలు కలవక చెడినవి విన్నాం. మధ్యవర్తికి రెండోసారి కాఫీ పోయలేదని చెడిన సంబంధం ఒకటి మా వీధిలోనే ఉంది. కానీ లాటిన్ వ్యాకరణం వల్ల, అందులోనూ షష్ఠీ విభక్తి వల్ల, కుదిరిన సంబంధం ఊడి చేతికి రాబోయిన మగవాడు చిత్తూరు జిల్లా మొత్తానికీ నేనొక్కణ్ణే అనుకుంటాను. నాకంటే ముందు ఇంకెవరైనా ఉంటే దయచేసి కనిపించండి. ఇద్దరం ఒకచోట కూర్చుని తీరిగ్గా ఏడుద్దాం.

డెబ్బైల చివరి మాట. నేను తిరుపతిలో వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. మా ఊరు నగరి. ఇంట్లో మగ్గాలు. పొద్దున లేస్తే మగ్గం చప్పుడు, పడుకుంటే మగ్గం చప్పుడు. మా నాయన నా చదువు గురించి ఎవరడిగినా ఒకే మాట చెప్పేవాడు: "మావోడు ఆకులు ఎండబెట్టే సదువు సదవతా ఉండాడు." అందులో అబద్ధం ఏమీ లేదు. కొండలెక్కి మొక్కలు తెచ్చి, పాత పేపర్ల మధ్య పెట్టి, మీద బండరాయి పెట్టి ఎండబెట్టడమే నా పని. అదే పని అప్పడాలతో చేసి ఉంటే ఈ పాటికి ఒక మేడ కట్టి ఉండేవాణ్ణి.

మా గైడు ప్రొఫెసర్ వరదాచారి గారు. సన్నటి మనిషి, తెల్లటి పంచె, కళ్ళద్దాల మీదుగా చూసే చూపు. ఆ చూపు పడితే పచ్చి ఆకు కూడా బండరాయి అక్కర్లేకుండా ఎండిపోయేది. ఆయనకు మొక్కలంటే ఇష్టం, మొక్కల పేర్లంటే ప్రాణం. ఆ రోజుల్లో కొత్త మొక్కను కనిపెడితే చాలదు, దాని ఆనవాళ్ళు లాటిన్‌లో రాసి అచ్చు వేయిస్తేనే ప్రపంచం ఒప్పుకునేది. అందుకని ఆయన మాకు లాటిన్ కూడా నేర్పేవారు.

ఒకనాడు షష్ఠీ విభక్తి మొదలుపెట్టారు.

"తెలుగులో 'రాముని యొక్క' అంటాం. 'యొక్క' అని వేరే మాట. లాటిన్‌వాడు పొదుపరి. వేరే మాట పెట్టడు, పేరు తోకనే మారుస్తాడు. సెంటారస్ అని ఒక నక్షత్రమండలం ఉంది. అందులో మొదటి చుక్కని ఆల్ఫా సెంటారి అంటారు. ఆ చివరి 'ఇ' ఉందే, అదే మన 'యొక్క'. మందుల షాపులో ఆముదం సీసా మీద 'ఓలియమ్ రిసిని' అని చూశారా? ఆముదపు గింజ యొక్క నూనె. మనుషుల గౌరవార్థం మొక్కలకు పెట్టే పేర్లూ ఇంతే. మగవాళ్ళ పేరుకు ఒక తోక, ఆడవాళ్ళ పేరుకు ఒక తోక. ఇక ఒకరికీ, ఒకరికంటే ఎక్కువమందికీ తేడా ఎలాగంటే..."

సరిగ్గా ఇక్కడ, నా బతుకుని నడిబజార్లో నిలబెట్టబోయే ఈ వాక్యం సగంలో ఉండగా, కిటికీలోంచి క్యాంటీన్ మిరపకాయ బజ్జీల వాసన వచ్చింది. నేను వెనక బెంచీ. తలుపు పక్కనే. ఇంక మీకు చెప్పేదేముంది? ఆ బజ్జీలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళకే పెళ్ళి మాటలు వచ్చాయి. చిత్తూరులో జవుళి అంగడి పెట్టుకున్న మునిరత్నం మామ, మా అమ్మకు దూరపు అన్న వరస. ఆయనకు ఒక్కతే కూతురు, కమల. డిగ్రీ చదివింది. పెద్ద కళ్ళు, చిన్న నవ్వు. ఆ నవ్వు వెనకాల ఏదో మాట అంచుదాకా వచ్చి ఆగినట్టు ఉండేది. నాకు చూసిన క్షణమే నచ్చేసింది. మునిరత్నం మామకు మాత్రం నా మీద గురి కుదరలేదు.

"మొక్కలు సదివితే ఏమొస్తుంది అబ్బా?" అన్నాడు, తమలపాకు చుడుతూ.

"పరిశోధన మామా."

"అదేలే, ఆ పరిశోధన సేసి ఇప్పటిదాకా ఏం కనిపెట్టినావు?"

 నేను మామ తమలపాకు తట్టలో వక్కలు లెక్కపెట్టాను. అప్పుడు తలుపు పక్కనుంచి కమల గొంతు వినిపించింది. "కనిపెడతాడులే నాయనా. కనిపెట్టేదానికే గదా సదవతా ఉండాడు."

ఆ ఒక్క మాటతో నేను మనిషిని కాకుండా పోయాను. మామ "సరే సూద్దాం" అన్నాడు. నోటిమాట అయింది, లగ్నపత్రిక మాత్రం రాసుకోలేదు. పైగా బ్యాంకులో పనిచేసే ఇంకో అబ్బాయి సంబంధం కూడా మామ చేతిలో ఉందని మా అమ్మ చెవిన పడింది. అంటే నేను ఏదో ఒకటి కనిపెట్టాలి. త్వరగా కనిపెట్టాలి. కనిపెట్టి దానికి కమల పేరు పెట్టాలి. బ్యాంకువాడు ఏ చెక్కుబుక్కుకీ ఆమె పేరు పెట్టలేడు కదా!

దేవుడు నా మొర విన్నాడు, లేదా నన్ను చూసి నవ్వుకోవాలనుకున్నాడు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు నగరి కొండ వాలులో బండల సందున ఒక మొక్క కనిపించింది. గిలిగిచ్చ జాతి, లాటిన్‌లో క్రోటలేరియా. మీలో చాలామంది చూసే ఉంటారు, కాయలు ఎండాక ఊపితే లోపలి గింజలు గలగలమంటాయి. కానీ దీని ఆకు వేరు, పువ్వు వేరు. పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. వరదాచారి గారికి చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి "ఊఁ" అన్నారు. ఆయన నోటివెంట "ఊఁ" రావడమంటే మామూలు మనిషి ఎగిరి గంతెయ్యడమన్నమాట.

"కొత్తదే కావచ్చు. కాకపోవచ్చు కూడా. పెద్ద హెర్బేరియానికి పంపి, అక్కడి ఎండు మొక్కలతో పోల్చి చూడమందాం. అంతవరకూ పేరూ గీరూ అని ఎగరకు," అని చెప్పి, పరీక్షల పని మీద ఆయన ఉత్తరాదికి వెళ్ళిపోయారు.

'ఎగరకు' అన్నది నాకు 'ఎగురు' అని వినబడింది. వయసు అటువంటిది.

అదే సమయంలో మా విభాగంలో ప్రజల కోసం ఒక ఎగ్జిబిషన్ పెడుతున్నారు. నా మొక్క బొమ్మ పెద్ద బోర్డు మీద గీయించి, కింద పేరు రాయించి, మామను పిలిచి చూపిస్తే? పేరు ఎలా పెట్టాలి? 'యొక్క' తోక కావాలని గుర్తుంది. ఏ తోకో గుర్తులేదు. బీరువాల్లో ఎండబెట్టిన పాత మొక్కల పేర్లు వరసగా చూశాను. రకరకాల తోకలు. ఒకచోట ఎవరో దొరసాని పేరు చివర 'ఆరమ్' అని ఉంది. ఆడ పేరుకు ఆరమ్! దొరికింది!

మా నగరి వైపు హారాన్ని ఆరం అంటాం, అరవదేశం పక్కనే కదా. కమల ప్లస్ ఆరమ్, కమలారమ్. కమలారం! ఎంత ముద్దుగా ఉందో చూడండి. లాటిన్‌కి లాటిన్, తెలుగుకి తెలుగు, మెడకి ఆరం. ఇంత అందమైన మాట తప్పై ఉంటుందని ఏ మగవాడైనా అనుమానిస్తాడా?

తిరుచానూరు రోడ్డులో లాడ్జీలకు బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన ఉండేవాడు. ఆయన దగ్గరికి పోయాను.

"క్రోటలేరియా కమలారమ్. ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలన్నా. పెద్దదిగా."

"ఆరమా? అయితే సుట్టూ ఒక పూలదండ ఏస్తా సూడు," అన్నాడు ఆయన ఉత్సాహంగా.

వేశాడు. ఎర్ర అక్షరాలు, చుట్టూ తామరపువ్వుల దండ, నాలుగు మూలలా నాలుగు చిలకలు. మధ్యలో నా మొక్క చిక్కి, ఎవరి పెళ్ళి పందిట్లోకో దారితప్పి వచ్చినదానిలా నిలబడింది. దూరం నుంచి చూస్తే కొత్తగా తెరిచిన నగల అంగడిలా ఉంది బోర్డు.

అనుకున్న రోజు వచ్చింది. తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని, అట్లే ఒక కళ్యాణమండపం కూడా చూసుకుని, మునిరత్నం మామ, అత్త, కమల ముగ్గురూ వచ్చారు. నగరి నుంచి మా నాయన వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, బోర్డు పక్కన ద్వారపాలకుడిలా నిలబడ్డాను.

అత్త ముందు చూసింది. కూడబలుక్కుని చదివింది. "క... మ... లా... ఆరం! సూడే కమలా, నీ పేరు మీద ఆరం!"

"మొక్క పేరు అత్తా," అన్నాను వినయంగా. "నేను కనిపెట్టిన మొక్క. ప్రపంచంలో ఏ మూలకు పోయినా ఇంక దీన్ని ఈ పేరుతోనే పిలవాల."

మునిరత్నం మామ ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. పక్కన నిలబడి చూస్తున్న ముక్కూమొహం తెలియని యాత్రికుణ్ణి భుజం పట్టి ఇటు తిప్పాడు. "సూసినారా సామీ? అది మా బిడ్డ పేరు. అమెరికాలో గూడా ఇదే పేరంట."

కమల బొమ్మనే చూస్తోంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "దీని కాయలు ఊపితే శబ్దం వస్తుందంట గదా బావా? అందుకేనా నా పేరు పెట్టినావు?" అంది మెల్లగా. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నా జీవితంలో అంత సుఖమైన క్షణం మళ్ళీ రాలేదు. అది ఎంతసేపు ఉందంటే, వెనకనుంచి ఒక దగ్గు వినబడేంతసేపు.

ఆ దగ్గు నాకు తెలుసు.

గూడూరులో బండి మారి, స్టేషన్ నుంచి నేరుగా, చేతిలో సంచీతో సహా వరదాచారి గారు వచ్చి నిలబడి ఉన్నారు. కళ్ళద్దాల మీదుగా బోర్డుని చూశారు. చిలకల్ని చూశారు. తామరపువ్వుల్ని చూశారు. చివరికి పేరు దగ్గర ఆగారు. ఆయన పెదవులు మెల్లగా కదిలాయి.

"ఎవరయ్యా ఈ కమలలు?"

'లు' అన్నది నాకు వినబడలేదు. గర్వం చెవుల్లో దూది పెట్టుకుని ఉంటుంది. "ఈమే సార్," అని కమలను చూపించాను.

"ఈవిడ ఒకరు. మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు ఏంది సార్?" అన్నాడు మునిరత్నం మామ.

వరదాచారి గారికి ఆయనెవరో తెలియదు. వ్యాకరణం మీద శ్రద్ధగల పెద్దమనిషి ఎవరో అడిగారనుకుని సంతోషంగా ఆయనవైపు తిరిగారు. "అదేనండీ విశేషం. 'ఆరమ్' అనేది షష్ఠీ విభక్తిలో స్త్రీలింగ బహువచనం. కమలారమ్ అంటే కమలల యొక్క. కమల అనే పేరుగల అనేకమంది ఆడవాళ్ళకు చెందినది అని."

"అనేకమందా!" అంది అత్త.

"ఎంతమంది?" అన్నాడు మామ. గొంతు అంగడిలో కొలత తేడా వచ్చినప్పటిలా మారిపోయింది.

వరదాచారి గారు నిజాయితీగా ఆలోచించారు. "అది లాటిన్ చెప్పదండీ. ఇద్దరికి మాత్రం తక్కువ కాదు."

నేను బోర్డుకి ఆనుకున్నాను. పెయింటు ఇంకా పూర్తిగా ఆరలేదని తర్వాత తెలిసింది. "సార్, బీరువాలో ఆడపేరుకి ఆరమ్ అని ఉంది కదా సార్..."

"అదా! ఆ దొర తన అక్కచెల్లెళ్ళిద్దరి గౌరవార్థం పెట్టాడయ్యా."

"అక్కాసెల్లెళ్ళా?" మామ ఒక అడుగు ముందుకు వేశాడు. "నాకుండేది ఒకే బిడ్డ సార్!"

అత్త మంచి మనిషి. ఆమెకు నేనంటే మొదట్నుంచీ అభిమానం. మధ్యలో దూరి అడ్డుపడింది. "మర్యాదకు పెట్టినాడేమోలే. మనం పెద్దోళ్ళను 'మీరు' అంటాం గదా, 'వచ్చినారు, పోయినారు' అంటాం గదా. అట్లనే బిడ్డకు మర్యాదిచ్చి నలుగురి మాదిరి రాసినాడు."

అబ్బ! అంత చక్కటి ఆలోచన నాకే రావలసింది. మునిగిపోయేవాడు కొమ్మను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. "అవును మామా! గౌరవ బహువచనం!"

"మొక్కల పేర్లలో గౌరవ బహువచనం లేదు," అన్నారు వరదాచారి గారు. కొమ్మ విరిగింది.

మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు. బ్యాంకు అబ్బాయి ఆయన కళ్ళలో టై కట్టుకుని నిలబడి ఉండటం నాకు స్పష్టంగా కనిపించింది. నా బుర్ర గానుగలా తిరిగింది. తిరిగి తిరిగి ఒక అబద్ధాన్ని పిండింది.

"రెండో కమల మా నాయనమ్మ మామా! ఆమె పేరు కూడా కమలమ్మ. ఇద్దరి పేరూ కలిసి వస్తుందని..."

అందరి ముఖాలూ కొంచెం విచ్చుకున్నాయి. అత్త "పాపం, పెద్దామె మీద ఎంత ప్రేమో" అని కళ్ళొత్తుకోబోయింది. ఇక్కడితో కథ సుఖాంతం అయిపోయేదే. కానీ మా నాయన అంతవరకూ చిలకల రంగు చూస్తూ నిలబడినవాడు ఈ మాట విని ఇటు తిరిగాడు.

"ఏందిరా సుబ్రమణీ, మా అమ్మ పేరు కన్నెమ్మ గదరా?"

నాయన జీవితంలో అబద్ధం ఆడి ఎరగడు. ఆ రోజు ఒక్కరోజు సెలవు తీసుకుని ఉంటే ఎంత బాగుండేది!

 యాత్రికుడు కూడా కదలకుండా నిలబడ్డాడు, తిరుపతి బస్సు పోతే పోనీ అన్నట్టు. అప్పుడు కమల అడిగింది. గట్టిగా కాదు. మామూలుగానే.

"ఆ రెండో కమల ఎవురు బావా?"

ఆ పెద్ద కళ్ళలో నవ్వు లేదు.  అబద్ధాలన్నీ అయిపోయాయి. మిగిలింది నిజం ఒక్కటే. నిజం చెప్పాలంటే ఎంత సిగ్గో అప్పుడే తెలిసింది.

"ఎవురూ లేరు కమలా. ఆ తోక గురించి సార్ చెప్పేటప్పుడు నేను క్లాసులో లేను. మిరపకాయ బజ్జీలకు పోయినాను. బీరువాలో ఆరమ్ అని చూస్తే, మెళ్ళో వేసుకునే ఆరం గుర్తొచ్చింది. కమలారం అంటే బాగుంటుంది కదా అనిపించింది. అంతే. నిజంగా అంతే."

 కమల భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. గోడకు ఆనుకుని పడీ పడీ నవ్వింది. ఎండిన గిలిగిచ్చ కాయలు బుట్టెడు ఒకేసారి ఊపినట్టు!

"ఇది నిజమే నాయనా," అంది ఊపిరి తీసుకుంటూ. "అబద్ధం ఆడేవాళ్ళు ఇంతకంటే బాగా ఆడతారు. ఇంత తెలివితక్కువ మాట కల్పించి సెప్పేదానికి ఎవురివల్లా కాదు."

నన్ను ఇంతకంటే హీనంగా ఎవరూ తిట్టలేదు. ఇంతకంటే హాయిగా ఏ మాటా వినబడలేదు.

మామ ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. కమల వరదాచారి గారివైపు తిరిగి అడిగింది. "సార్, ఒక్క కమలే అయితే ఎట్ల రాయాల?"

"అమ్మా, 'అ'తో ముగిసే నీ పేరు లాటిన్ మొదటి పాఠానికి అతికినట్టు సరిపోతుంది. దాన్ని పాడు చెయ్యాలంటే చాలా ప్రతిభ కావాలి," అంటూ ఆయన నావైపు ఒక చూపు చూశారు. నేను ఎండిపోయాను. "ఆరమ్ తీసేసి, కమల చివర ఇంగ్లీషు 'e' అక్షరం ఒక్కటి చేర్చితే చాలు. దాన్ని 'కమలే' అని చదువుతాం."

మామ మొహం వెలిగిపోయింది. "కమలే! అంటే కమల ఒక్కతే, ఇంకెవురూ లేరు అనే గదా సార్?"

వరదాచారి గారు జన్మలో జోకు వేసి ఎరగరు. గంభీరంగా ఆలోచించి చెప్పారు. "లాటిన్‌లో అయితే 'కమల యొక్క' అనే. మీ అర్థం తెలుగు. కానీ ఈ సందర్భానికి అదీ సరిపోతుంది."

కమల ఎక్కడినుంచో తెల్లకాగితం, జిగురు తెప్పించింది. చివరి మూడక్షరాల మీదా కాగితం అతికించి, నా జేబులోని పెన్ను లాక్కుని తనే ఆ ఒక్క అక్షరం రాసింది. వెనక్కి వచ్చి చూసుకుంది. "ఇప్పుడు సరిపోయింది," అంది. మామ అక్కడే, చిలకల బోర్డు ముందే, మా నాయనను పట్టుకుని లగ్నపత్రికకు మంచిరోజు ఎప్పుడని అడిగాడు. నా చొక్కా వీపు మీద మాత్రం తామరపువ్వుల దండ సగం అచ్చుపడిపోయింది. ఊళ్ళో బస్సు దిగేదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

పెళ్ళయ్యింది. కొన్ని నెలలకు పెద్ద హెర్బేరియం నుంచి కబురొచ్చింది. వరదాచారి గారు నన్ను పిలిచి చెప్పారు: ఆ మొక్క కొత్తది కాదు. ఎప్పుడో మన తాతల కాలంలోనే ఎవరో దొర దాన్ని చూసి, వర్ణించి, పేరు పెట్టి, అచ్చు వేయించి, హాయిగా పోయాడు. "అచ్చుకి పంపక బతికిపోయావు," అన్నారాయన.

ఇంటికి వచ్చి కమలకు చెప్పాను, భయం భయంగా. ఆమె పొయ్యి దగ్గర దోసె తిప్పుతోంది.

"ఎవురి పేరు పెట్టినాడంట ఆ దొర?"

"ఎవరో ఆడమనిషి పేరు. వాళ్ళావిడేమో."

దోసె తిప్పడం ఆగింది. "తోక ఏంది?"

"ఏ."

"అయితే మర్యాదస్తుడే," అంది కమల, దోసె తీసి నా పళ్ళెంలో వేస్తూ. "ఆయనకు ఒక్కతే. క్లాసులకు సరిగ్గా పోయినట్టుండాడు."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, గైడు గారి కళ్ళద్దాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో, పిలవని పేరంటంగా రాబోయే ఏడు జన్మల్లో, చెట్టుకు గానీ చేమకు గానీ, చుక్కకు గానీ ఆముదం సీసాకు గానీ పేరు పెట్టను. తప్పనిసరై పెట్టవలసి వస్తే ఆడవాళ్ళ పేరు పెట్టను. అదీ తప్పనిసరైతే, ముందు మా ఆవిడ చేత తోక దిద్దించుకుంటాను.